నంబర్ 10 సూదులు, 60 కుట్లు, టోపీ మాత్రం బత్తాయికి సరిపోయింది

కోనేటికట్ట
మా చెల్లెలి కొడుక్కి పుట్టెంట్రుకలు డిసెంబరులో కొండమీద తీయిస్తున్నారు. ధనుర్మాసం చలి, తెల్లారుజామున కళ్యాణకట్ట, గుండు మీద చన్నీళ్ళు. పిల్లోడికి జలుబు పట్టుకుంటుందని అందరూ దిగులుపడుతుంటే నేను ఊరుకోకుండా "టోపీ నేను అల్లి ఇస్తాలే" అనేశాను. చిన్నప్పుడు స్కూల్లో కుట్టు టీచరు నేర్పించిన ధైర్యం.

యూట్యూబ్‌లో ఒక అమెరికా ఆవిడ చాలా నెమ్మదిగా, నవ్వుతూ చూపించింది. నంబర్ 10 సూదులు, 60 కుట్లు, అంతే. నేనూ బజారుకి పోయి నంబర్ 10 సూదులే కొన్నా. 60 కుట్లే ఎక్కించా. పైన ఫ్యాను, పక్కన కూలరు, చేతుల నిండా చెమట, వేళ్ళకి అతుక్కునే ఊలు. ఆవిడ చెప్పినట్టు పొల్లు పోకుండా అల్లి, పైన ముడేసి, పక్కలు కలిపి కుట్టి చూస్తే నా గుప్పెట్లో పట్టింది.

మా ఆయన ఒక్క మాటా అనలేదు. ఫ్రిజ్‌లోంచి బత్తాయి తీసుకొచ్చి దానికి తొడిగాడు. కొలత తీసి అల్లినట్టుంది. ఇప్పుడది డైనింగ్ టేబుల్ మీద కూర్చుంది, ఇంటికొచ్చిన వాళ్ళందరికీ దాన్ని పరిచయం చేస్తున్నాడు.

మా అత్త "తిరుపతిలో మే నెల్లో ఊలు పట్టుకుని కూర్చున్నదాన్ని నిన్నే చూస్తున్నా" అంటోంది. నా ప్రశ్నలు రెండు. తప్పు వీడియోదా, సూదులదా? ఈ ఎండలో ఊలు అల్లేవాళ్ళు ఈ చుట్టుపక్కల ఇంకెవరన్నా ఉన్నారా?

రేణిగుంట జంక్షన్
ఫోటో.

పీలేరు అక్క
అవును, బత్తాయి ఫోటో పెట్టకుండా ఈ చర్చ ముందుకు కదలదు.

ఊలుఉండ
ఉన్నాం ఉన్నాం. నేను తిరుచానూరు వైపు. మా వీధిలో నన్ను "స్వెట్టరామె" అంటారు, పేరు ఎవరికీ తెలీదు.

తప్పు నంబరుది. మన అంగళ్ళలో దొరికే సూదుల మీద ఉండేది పాత బ్రిటిష్ నంబరు. అందులో అంకె పెరిగేకొద్దీ సూది సన్నమవుతుంది. అమెరికా వాళ్ళది పూర్తిగా తిరగేసి, అంకె పెరిగేకొద్దీ లావు. ఆవిడ నంబర్ 10 అంటే 6 మిల్లీమీటర్లు. మీరు కొన్న నంబర్ 10 అంటే 3.25 మిల్లీమీటర్లు. దాదాపు సగం. దాని మీద ఆవిడ లావు ఊలు వాడి ఉంటుంది, మీరు ఇక్కడ దొరికే సన్న ఊలు, 4 ప్లై, తీసుకుని ఉంటారు. అవునా?

ఆవిడకి ఆ ఊలుతో 10 సెంటీమీటర్లకి 15 కుట్లు పడుతాయి అనుకుందాం, 60 కుట్లకి 40 సెంటీమీటర్ల చుట్టుకొలత వస్తుంది. ఏడాది పిల్లోడికి సరిగ్గా సరిపోతుంది. మీకు 4 ప్లైతో, ఆ సన్న సూదితో 10 సెంటీమీటర్లకి 28 దాకా పడుతాయి. 60 కుట్లకి 21 సెంటీమీటర్లు. అది బత్తాయి నడుమే.

ఇకమీదట వీడియోలో నంబరు వినొద్దు, మిల్లీమీటర్లు చెప్పేదాకా ఆగండి. మన సూదుల ప్యాకెట్టు మీద కూడా మిల్లీమీటర్లు పక్కనే చిన్నగా వేసుంటారు.

కోనేటికట్ట
అవును, 4 ప్లైనే. అంగట్లో అబ్బాయి "అన్నీ ఒకటేనక్కా, రంగు చూసుకోండి" అన్నాడు.

వైండింగ్ షాపు
నేను ఊలు మనిషిని కాదు, పుత్తూరు రోడ్డులో బోరు మోటార్లు వైండింగ్ చేస్తా. మా ఇంటామె ఈ చర్చ చూపించి నవ్వుతుంటే చదివా. ఊలుఉండ గారు చెప్పిన లెక్క చూసి ఆశ్చర్యపోయా. మా రాగి వైరు గేజి కూడా అచ్చం ఇదే. నంబరు పెరిగితే వైరు సన్నం. మా గేజి ప్లేటులో 10 నంబరు తూటు కొలత 3.25 మిల్లీమీటర్లే, ఇప్పుడే లేచి చూసొచ్చా. 8 నంబరు 4 మిల్లీమీటర్లు, పైన కాస్త. 20 నంబరుకి వచ్చేసరికి మిల్లీమీటరు కూడా ఉండదు.

ఇనప తీగని అచ్చులో వేసి లాగేటప్పుడు ఎన్నిసార్లు లాగితే అంత సన్నం అవుతుంది కదా, అందుకే నంబరు అట్ట నడుస్తుందని మా గురువు చెప్పేవాడు. పాతకాలంలో సూదులు కూడా తీగ కోసే చేసి ఉంటారు.

ఊలుఉండ
అన్నా, ఇన్నేళ్ళుగా అల్లుతున్నా, ఇది తట్టనేలేదు. మీ దగ్గర గేజి ప్లేటు ఉంటే నా దగ్గర నంబరు అరిగిపోయిన సూదులు బోలెడున్నాయి, తెస్తా.

వైండింగ్ షాపు
తెండి. సీజన్ అయ్యాక తెండి. ఇప్పుడు ఊళ్ళో బోర్లన్నీ కాలిపోయి నా అంగట్లోనే ఉన్నాయి.

కోనేటికట్ట
తప్పు నాది కాదని తేలిపోయింది. ఇదంతా మా అత్తకి పైకి చదివి వినిపించా. "మోటార్లు బాగుచేసే ఆయనకి తెలిసింది నీకు తెలీలేదా" అంది.

తోతాపురి
ఎవరూ తిట్టుకోవద్దు, అడుగుతున్నా. చలికాలం వస్తే కొండమీద అంగళ్ళ నిండా మంకీ క్యాపులే. పిల్లల సైజు, పెద్దల సైజు, చెవులున్నది, బొచ్చుబంతి ఉన్నది. చిత్తూరులో కూడా చలికాలం స్వెట్టర్ల అంగళ్ళు పెడతారు. నూరో నూటయాభయ్యో పారేస్తే అయిపోయేదానికి మే నెల్లో చెమట్లు కక్కడం ఎందుకు? ఊలుకే అంతకన్నా ఎక్కువ అయ్యుంటుంది.

పీలేరు అక్క
ఇదే మాట మా ఆయన ఆవకాయ గురించి కూడా అంటాడు. సీసా కొంటే పోలేదా అని. తినేటప్పుడు మాత్రం ఇంటిదే కావాలి.

ఊలుఉండ
తోతాపురి గారి లెక్క కరెక్టే, కాదనను. ఊలు, సూదులు, టైము అన్నీ కలిపితే చేతి టోపీ ఎప్పుడూ నష్టమే. కానీ అంగడి టోపీ ఏడాది పిల్లోడికి పెట్టి చూడండి. కళ్ళమీదికి జారుతుంది, లేకపోతే గడ్డం కింద పట్టీ బిగుసుకుని వాడు ఏడుపు. వాడి తల కొలిచి అల్లింది వాడికి కదలదు. ఇంకోటి, నాకు అల్లేటప్పుడు ఎవరూ పని చెప్పరు. "లెక్కపెడుతున్నా" అని చెయ్యెత్తితే చాలు, మా ఇంట్లో మగాళ్ళు కాఫీ వాళ్ళే పెట్టుకుంటారు. ఆ టోపీ ఖరీదులో ఇది కూడా కలుపుకోవాలి.

తోతాపురి
సరే, కాఫీ పాయింటు ఒప్పుకుంటున్నా.

బండవేషం
కుట్టు జారినప్పుడు మీరందరూ ఏం చేస్తారు? మా అమ్మ అల్లేటప్పుడు ఒక కుట్టు జారి నాలుగైదు వరసల కిందికి దిగిపోతే వచ్చే మాటలు మేం ఇంకెప్పుడూ వినం. మామూలుగా రామా కృష్ణా అనే మనిషి. గంగజాతరకి వేషం కట్టినప్పుడు మేం తిట్టే తిట్లకి ఆచారం అనే అడ్డు ఉంది. ఆమెకి జాతర ఏడాదంతా నడుస్తుంది.

రేణిగుంట జంక్షన్
ఆమెని మా చర్చలోకి తీసుకురండి.

బండవేషం
ఫోన్ ఇస్తే మాడరేటరు మమ్మల్నందర్నీ బయటికి పంపిస్తాడు.

హెడ్మాస్టరు రిటైర్డ్
కోనేటికట్ట గారు ఒక ముఖ్యమైన సంగతి మర్చిపోయారు. గుండు చేయించాక తలకి గంధం పూస్తారు కదా. తడి గంధం మీద ఊలు టోపీ పెడితే ఏమవుతుంది? మా మనవడికి పెట్టాం. తీసేటప్పటికి తలకి లేత నీలిరంగు బొచ్చు మొలిచింది. కొత్త వెంట్రుకలు అప్పుడే వచ్చేశాయా అని మా వియ్యపురాలు దణ్ణం పెట్టబోయింది. కాబట్టి లోపల మెత్తటి పాత నూలు గుడ్డ వేసి కుట్టండి. పాత పంచె ముక్క అయితే మరీ మంచిది.

పీలేరు అక్క
సార్, ఇంత ఉపయోగమైన సలహా ఇంకెక్కడా దొరకదు.

కోనేటికట్ట
మా ఇంట్లో అందరూ ఊలు గుచ్చుకుంటుందని చెప్తున్నారు. గుండు మీద దురద పెట్టదా? బదులుగా కాటన్ దారంతో అల్లొచ్చా?

ఊలుఉండ
అల్లొచ్చు, కానీ కాటన్ దారం సాగదు. ఊలుకి సాగి మళ్ళీ ముడుచుకునే గుణం ఉంది, నూలుకి అంత లేదు. ఒకసారి వదులైతే వదులే, తడిస్తే ఇంకా బరువు. అయినా మీరు కొన్నది ఊలని ఎవరు చెప్పారు? అంగట్లో "ఊలు" అని ఇచ్చేదాంట్లో చాలామటుకు యాక్రిలిక్కే. అదేం తక్కువ కాదు, పిల్లలకి మెత్తగానే ఉంటుంది, వాషింగ్ మెషీన్‌కి తట్టుకుంటుంది. తెలుసుకోవాలంటే చిన్న ముక్క తుంచి, పట్టకారుతో పట్టుకుని నిప్పు తగిలించండి. అసలు ఊలైతే మెల్లగా కాలి, మంట తీస్తే ఆరిపోతుంది, వెంట్రుకలు కాలిన వాసన, బూడిద వేళ్ళ మధ్య నలిగిపోతుంది. యాక్రిలిక్ అయితే కరిగి గట్టి నల్లపూస అవుతుంది.

కోనేటికట్ట
చేశా. నల్లపూస.

తోతాపురి
అంటే మే నెల్లో చెమట్లు కక్కింది ప్లాస్టిక్‌తోనా.

పీలేరు అక్క
తోతాపురీ, మీకు కాఫీ పెట్టేవాళ్ళు లేరా ఇంట్లో, ఇంత ఖాళీ ఎట్ట?

చంద్రగిరి కోడలు
యాక్రిలిక్ అంటే గుర్తొచ్చింది. దానికి ఇస్త్రీ పెట్టొద్దు, ఎవరెంత చెప్పినా పెట్టొద్దు. నేను మా మామకి మఫ్లరు అల్లి ఇస్తే, ఆయన ప్రతి గుడ్డా ఇస్త్రీకి పంపే మనిషి, దాన్నీ పంపారు. కాటన్ ప్యాంటుకి పెట్టే వేడి పెట్టేశాడు ఇస్త్రీ బండి అబ్బాయి. తిరిగొచ్చేసరికి మఫ్లరు చచ్చిపడిన జెర్రిగొడ్డులా అయిపోయింది. పొంగు లేదు, సాగుడు లేదు. ఆ వేడికి పోగు లోపలి వంపులన్నీ పోతాయట, ఇక మళ్ళీ రావు. మామ మాత్రం "ఇప్పుడు నీట్‌గా ఉంది" అని చుట్టుకుని తిరిగారు.

నరసాపురం ఆడపడుచు
నేను మీ తిరుపతికి కోడలినై వచ్చినదాన్ని. ఇంత గొడవ ఎందుకు, రెండు సూదులు పక్కనపెట్టి ఒక కొక్కెం పట్టుకోండి. మా వైపు ఆడవాళ్ళు అరుగు మీద కూర్చుని ఒకచేత్తో మాట్లాడుతూ ఇంకో చేత్తో లేసు అల్లేస్తారు. 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ మిషనరీలు వచ్చి నేర్పితే మా ఊళ్ళవాళ్ళు దాన్ని ప్రపంచమంతా పంపారు. 2024లో నరసాపురం క్రోషే లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని ఇచ్చే ముద్ర, కూడా వచ్చింది. కొక్కేనికి ఎప్పుడూ ఒక్క ఉచ్చే ఉంటుంది, జారినా ఒక్కటే జారుతుంది. బండవేషం వాళ్ళమ్మ గారు కూడా ప్రశాంతంగా ఉంటారు.

ఊలుఉండ
లేసుకి దణ్ణం. టోపీకి మాత్రం రెండు సూదులే. క్రోషే అల్లిక మందంగా వస్తుంది, అంచు ఇంతలా సాగదు.

నరసాపురం ఆడపడుచు
సాగేలా అల్లడం మాకూ వచ్చు.

ఊలుఉండ
వచ్చు అంటే కాదనను. అల్లి చూపించండి.

రేణిగుంట జంక్షన్
పోటీ పెట్టండి. బత్తాయి జడ్జి.

నగరి మగ్గం
మాది మరమగ్గాల ఊరు. అల్లికనీ నేతనీ చాలామంది ఒకటే అనుకుంటారు కాబట్టి చెప్తున్నా. మగ్గం మీద రెండు దిక్కుల దారాలుంటాయి, పడుగు నిలువు, పేక అడ్డం. ఒకదాని కింద ఒకటి దూరిపోతుంది, అందుకే గుడ్డ బిర్రుగా ఉంటుంది, సాగదు. మీ అల్లికలో ఉన్నది ఒక్క దారం, ఉచ్చులోంచి ఉచ్చు. లాగితే ఉచ్చు ఆకారం మారుతుంది, అందుకే సాగుతుంది. మా గుడ్డలో ఒక పోగు తెగితే ఒక గీత. మీ దాంట్లో ఒక పోగు తెగితే ఇల్లంతా దారం.

బనియన్ మనిషి
నగరి అన్న కరెక్టుగా చెప్పాడు. నేను తిరుప్పూరు బనియన్ ఫ్యాక్టరీలో చాలా కాలం ఉండి ఇప్పుడు ఊరికి వచ్చేశా. మీరంతా అల్లిక అంటే ఊలు, చలి, అమ్మమ్మ అంటున్నారు. తోతాపురి అన్నా, ఈ క్షణం మీ ఒంటిమీదున్న బనియన్ అల్లికే. టీషర్టు అల్లికే. మగ్గం మీద నేసింది కాదు. గుండ్రటి యంత్రంలో రెండు వేలకు పైగా సూదులు ఒక్కసారిగా తిరుగుతూ గొట్టంలాగా అల్లిపోతాయి. మీరు చేత్తో కోనేరు గట్టున కూర్చుని చేసేదే అది గంటలకొద్దీ చేస్తుంది. ఎండాకాలంలో అల్లిక ఎందుకని అడిగే వాళ్ళు అల్లిక తొడుక్కునే అడుగుతున్నారు.

ఇంకో సంగతి, నాకు పెళ్ళిచూపులప్పుడు బయోడేటాలో "తిరుప్పూరులో ఉద్యోగం" అని రాశాం. పెళ్ళికూతురు వాళ్ళ నాన్న చదివింది తిరుపతి. "దేవస్థానంలోనా బాబూ" అని రెండు కాజాలు ఎక్కువ పెట్టారు. బనియన్ కంపెనీ అని తెలిశాక ఆ కాజాల వైపే చూస్తూ కూర్చున్నారు.

పీలేరు అక్క
సంబంధం కుదిరిందా?

బనియన్ మనిషి
కుదిరింది. ఇప్పటికీ మామకి ఏటా బనియన్లు నేనే.

తోతాపురి
నా బనియన్ విప్పి చూశా. ఒప్పుకున్నా. ఇక నేను ఈ చర్చలో నోరు మూసుకుంటా.

చంద్రగిరి కోడలు
బనియన్ అన్నా, నా మఫ్లరు ఇస్త్రీకి పోకముందే రెండు పక్కలా చుట్టుకుపోయి గొట్టంలా అయింది. ఎంత సాగదీసి బండ పెట్టినా మళ్ళీ చుట్టుకునేది. ఎందుకు? మామ ఇస్త్రీకి పంపింది కూడా అందుకే అనుకుంటా.

బనియన్ మనిషి
ఒక వరస మొత్తం నిట్ (సూటి కుట్టు), వెనక్కి వచ్చేటప్పుడు మొత్తం పర్ల్ (తిరగేసిన కుట్టు) అల్లుంటారు. అప్పుడు ఉచ్చుల ముందు వైపు ఒక రకం లాగుడు, వెనక వైపు ఇంకో రకం. పక్క అంచులు వెనక్కి చుట్టుకుంటాయి, పైఅంచు కిందఅంచు ముందుకి చుట్టుకుంటాయి. పాత టీషర్టు చెయ్యి కత్తిరించి చూడండి, అదే జరుగుతుంది. అందుకే మఫ్లరుకి రెండు వైపులా ఒకేలా వచ్చే అల్లిక వేయాలి. అన్ని వరసలూ నిట్టే అల్లినా చుట్టుకోదు. రెండు నిట్, రెండు పర్ల్ నిలువు చారలుగా వేసినా చుట్టుకోదు, సాగుతుంది కూడా. టోపీ అంచుకి అది కచ్చితంగా కావాలి.

హెడ్మాస్టరు రిటైర్డ్
యంత్రం మాట వచ్చింది కాబట్టి. 1589లోనే ఇంగ్లండులో విలియం లీ అనే ఆయన మేజోళ్ళు అల్లే యంత్రం కనిపెట్టాడు. చేతి అల్లికమీద బతికే వాళ్ళ పొట్ట కొడుతుందని ఎలిజబెత్ రాణి దానికి పేటెంటు ఇవ్వలేదని చెప్తారు. ఆ కాలంలో ఐరోపాలో అల్లిక సంఘాల్లో ఉన్నది ముఖ్యంగా మగవాళ్ళు. నేను పదవీ విరమణ తర్వాత మా ఆవిడ దగ్గర నేర్చుకుంటున్నానని చెబితే మా పాత స్టాఫు నవ్వారు, అందుకని ఇది చదివి పెట్టుకున్నా.

పీలేరు అక్క
సార్ అల్లుతారా!

హెడ్మాస్టరు రిటైర్డ్
పైన చెప్పిన లేత నీలిరంగు టోపీ ఎవరు అల్లారనుకున్నారు?

వైరుబుట్ట
నేను ఇప్పుడే చదివా. మా కాలంలో ఊలు కొనే డబ్బులెక్కడివి. ప్లాస్టిక్ వైరు బుట్టలే. చిత్తూరులో ప్రతి ఇంట్లో ఒకామె అల్లేది. నా బుట్ట పట్టుకుని మా అబ్బాయి కాలేజీకి పోయాడు, ఇప్పుడు దాంట్లో నేను కూరగాయలు తెస్తా. ఎండ లేదు, చెమట లేదు, నీళ్ళలో కడిగితే కొత్తది. నిప్పు పెట్టి చూడక్కర్లేదు, ప్లాస్టిక్కే అని అందరికీ తెలుసు. మీ అందరి స్వెట్టర్లు చెదలు తిన్నాక కూడా అది ఉంటుంది.

ఊలుఉండ
పెద్దమ్మా, చెదలు ఊలు తినదు, చిమ్మటలు తింటాయి. మిగతావన్నీ ఒప్పుకుంటా.

వైరుబుట్ట
ఏదో ఒకటి తింటుంది కదా.

రేణిగుంట జంక్షన్
అల్లే వాళ్ళ ఇంట్లో ఉండే కష్టం కూడా రాయనివ్వండి. మా ఇంట్లో సూదులు ఎప్పుడూ జతగా ఉండవు. ఒకటి ఇడ్లీ ఉడికిందా అని గుచ్చడానికి, ఇంకోటి స్టవ్ బర్నరులో చిల్లులు పొడవడానికి, మూడోది మా నాన్న వీపు గోక్కోడానికి. అల్లడానికి మిగిలేవి రెండు వేర్వేరు నంబర్లు. దాంతో అల్లిన స్వెట్టరు నాకు ఒక వరస బిగుతు, ఒక వరస వదులు. బెంగుళూరు ఆఫీసుకి తొడుక్కుని పోతే "డిజైనర్ పీసా" అని అడిగారు. అవునన్నా.

పీలేరు అక్క
మా ఇంట్లో ఇంకో తంటా. అల్లేటప్పుడు మా అమ్మ వరసలు లెక్కపెడుతుంది, కుక్కరు విజిళ్ళూ లెక్కపెడుతుంది. రెండు లెక్కలూ ఎక్కడో కలుస్తాయి. పప్పు మాడిన రోజు స్వెట్టరు చెయ్యి పొట్టిగా వస్తుంది.

కపిలతీర్థం
ఒక సందేహం. కొండమీద దర్శనానికి కంపార్ట్‌మెంట్లో కూర్చునే గంటలన్నీ అల్లుకుంటే ఎంత పని అవుతుందో కదా. ఎవరన్నా సూదులు తీసుకెళ్ళారా?

ఊలుఉండ
వద్దు. స్టీలు సూదులు బ్యాగులో పెట్టుకుని తనిఖీ దగ్గర నిలబడితే మీ వెనక వాళ్ళంతా మిమ్మల్ని తిడతారు. కింద ఇంట్లోనే పెట్టేసి వెళ్ళండి. అక్కడ గోవింద నామం చెప్పుకోండి, దానికి జారే కుట్లు లేవు.

కోనేటికట్ట
సరే, మళ్ళీ మొదలుపెడతా. నా సూదులు నంబర్ 10, మన నంబరు. 4 ప్లై, ప్లాస్టిక్ ఊలు. వేసవి సెలవులకి మా చెల్లెలు వచ్చినప్పుడు పిల్లోడి తల కొలిచా, 17 అంగుళాలు. డిసెంబరుకి ఇంకాస్త పెరుగుతుంది కదా. ఎన్ని కుట్లు?

ఊలుఉండ
అప్పటికి 18 అంగుళాలు అనుకోండి, 46 సెంటీమీటర్లు. టోపీ తలకన్నా చిన్నదిగా ఉంటేనే పట్టుకుంటుంది. 40 సెంటీమీటర్లకి అల్లండి. 112 కుట్లు. నాలుగుతో భాగిస్తే సరిపోతుంది కాబట్టి అంచుకి రెండు నిట్, రెండు పర్ల్ చక్కగా కుదురుతాయి. మొదట అరచేయంత ముక్క అల్లి, స్కేలు పెట్టి 10 సెంటీమీటర్లకి మీకు 28 కుట్లే వస్తున్నాయా చూడండి. మీరు బిగించి అల్లితే 30 రావొచ్చు, అప్పుడు 120 ఎక్కించండి. చేతులకి చెమట పడితే కాస్త పౌడరు రాసుకోండి. ఫ్యాను గాలికి ఉండ దొర్లకుండా సత్తు చెంబులో వేసి పెట్టుకోండి.

నరసాపురం ఆడపడుచు
కొక్కేనికి ఇంత లెక్క లేదని గుర్తుచేస్తున్నా.

తోతాపురి
నోరు మూసుకుంటానన్నా కానీ ఒక్కటి. నాకూ మొక్కు ఉంది, డిసెంబరులోనే గుండు. తల 22 అంగుళాలు. అదే ఊలు, అదే సూదులు అయితే ఎన్ని కుట్లు ఎక్కించాలి?

ఊలుఉండ
140. ఎవరు అల్లుతారు?

తోతాపురి
హెడ్మాస్టరు సార్‌ని అడుగుదామని.

హెడ్మాస్టరు రిటైర్డ్
నేను నేర్పుతాను, అల్లిపెట్టను. నంబర్ 10 సూదులు కొనుక్కుని ఆదివారం పొద్దున రండి. మీ కాఫీ మీరే పెట్టుకోవాలి.